నా వాయిస్ మెసేజీల్లో మగ్గం చప్పుడు

దయ్యాలు, గాలి, ధూళి అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. గద్వాలలో మా వీధి చివర చింతచెట్టు మీద ఏదో ఉందని అందరూ చుట్టూ తిరిగి పోతుంటే, నేను మిట్టమధ్యాహ్నం వెళ్ళి అదే చెట్టు చిగురు కోసుకొచ్చి పప్పులో వేసేదాన్ని. మా మేనత్త చూసి గుండెలు బాదుకునేది. పప్పు మాత్రం రెండుసార్లు వడ్డించుకునేది.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను భయస్తురాలిని అనుకోవద్దు. నేను జాకెట్లు కుట్టే మనిషిని. కొలత వేలెడు తప్పినా గుడ్డ పాడవుతుందని తెలిసినదాన్ని. జరిగింది జరిగినట్టు చెబుతాను. తెలియని చోట తెలియదనే అంటాను.

మా ఇల్లు నేతవాళ్ళ వీధిలో ఉంది. ముందుగదిలో నాయిన గుంట మగ్గం. నేలలో గుంట తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం అది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మా ఆయన రాయచూరులో బియ్యం మిల్లులో పని చేస్తాడు, ఆదివారం వస్తాడు. కూతురు వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుతోంది. తమ్ముడు శీను పక్క వీధిలో వేరు కాపురం. కాబట్టి పగలంతా ఇంట్లో ఉండేది నాయిన, నేను. ముందుగదిలో ఆయన మగ్గం, వెనకగదిలో నా కుట్టు మిషను.

కుట్టడం నాకు పాత పనే గానీ కొత్త మోడళ్ళు రావు. అందుకని ఫోనులో జాకెట్ల కటింగ్ నేర్పే ఒక మేడం గ్రూపులో చేరాను. ఆవిడ వీడియో పెట్టేది, మేం కుట్టి ఫోటో పెట్టేవాళ్ళం, ఆవిడ తప్పులు చెప్పేది. మొదటి నెల బుద్ధిగానే ఉన్నాం. తర్వాత ఒకామె చేతి కొలత అడిగితే ఇంకొకామె "ముందు ఏం కూర చేసినవో చెప్పు" అంది. అంతే, ఆ రోజు సాయంత్రం దాకా గ్రూపంతా గోంగూర మీదే నడిచింది. మేడంకు కోపం వచ్చింది. పని ముచ్చట తప్ప ఇంకోటి వద్దని గట్టిగా చెప్పింది.

అప్పుడు సరోజక్క ఇంకో గ్రూపు తెరిచింది. సరోజక్కది వనపర్తి. యాభై దాటిన మనిషి, బస్టాండు దగ్గర చిన్న టైలరింగ్ షాపు నడుపుతుంది. కొత్త గ్రూపుకు 'కత్తెర పక్కన పెట్టండి' అని పేరు పెట్టింది. అందులో నియమం ఒక్కటే: కుట్టుపని మాట ఎత్తకూడదు. ఎవరైనా పొరపాటున చంక కొలత అనో, లైనింగు అనో నోరు జారితే ఒక పాట పాడి పెట్టాలి. నేను మూడు పాటలు పాడాను. మూడోది విన్నాక నన్ను ఇక వదిలేశారు.

పదకొండు మందిమి ఉండేవాళ్ళం. నాగర్‌కర్నూల్ వాళ్ళు, వనపర్తి వాళ్ళు, గద్వాల నుంచి నేను. మధ్యాహ్నం తిన్నాక రెండింటి నుంచి మూడింటి దాకా అదొక సంత. సగం మందికి టైపు చేయడం రాదు, వచ్చినవాళ్ళకు ఓపిక లేదు, కాబట్టి అన్నీ వాయిస్ మెసేజీలే. ఏం కూర, ఎవరి అత్త ఏమంది, ఎవరి మేక ఈనింది, ఎవరింట్లో మోటరు కాలింది. ఒక్కటీ పనికొచ్చే మాట కాదు. ఆ గంట కోసమే పొద్దున్నుంచీ పని తొందర తొందరగా తెమిల్చుకునేదాన్ని.

మాలో అందరికన్నా చిన్నది రూతమ్మ. అచ్చంపేట దగ్గరి పల్లె. భర్తతో కలిసి పుణెకు బిల్డింగు పనికి వెళ్ళింది. సైటు పక్కన రేకుల షెడ్డులో కాపురం. కడుపుతో ఉండి బరువులు మోయలేకపోతున్నానని, కుట్టుపని నేర్చుకుందామని మేడం గ్రూపులో చేరింది. చుట్టుపక్కల తెలుగు మాట వినిపించదట. "అక్కా, మీ ముచ్చట్లు ఇనకపోతే నాకు అన్నం పోదు" అనేది. ఆమెను మాలో ఎవ్వరూ చూడలేదు. అయినా ఆమెకు నొప్పులు మొదలైన రోజు మేమందరం ఫోను చేతిలో పట్టుకుని పొయ్యి మీద కూరలు మాడబెట్టుకున్నాం. ఆడపిల్ల పుట్టింది. కృప అని పేరు పెట్టారు.

ఇక నాయిన సంగతి.

సిగ్నలు మా ఇంట్లో ముందుగది గడప దగ్గరే బాగా వస్తుంది. మగ్గం పక్కనే. ఫోను ఎత్తి "నాయినా, జర ఆపు, వాయిస్ పెడ్తున్న" అనేదాన్ని. ఆయన వెంటనే ఆపేవాడు. పోగును అటూ ఇటూ దాటించే నాడె చేతిలో పట్టుకుని, నా మాటలు అయ్యేదాకా అట్లాగే కదలకుండా కూర్చునేవాడు. నేను ఫోను దించగానే "అయ్యిందా బిడ్డా?" అనేవాడు. అయ్యిందంటే మళ్ళీ మొదలుపెట్టేవాడు. మగ్గం మీద మనిషిని ఊరికే ఆపకూడదని నేత ఇంట్లో పుట్టినదానిగా నాకు తెలుసు. చేతి వరస తప్పుతుంది. అయినా రోజుకు పది పన్నెండుసార్లు ఆపించేదాన్ని. దాదాపు రెండేళ్ళు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

వాళ్ళ మెసేజీలు నేను స్పీకరు పెట్టి వినేదాన్ని కాబట్టి ఆయనా వినేవాడు. ఈయన వింటున్నాడని వాళ్ళెవరికీ తెలియదు గానీ, ఈయనకు మాత్రం అందరూ తెలుసు. "ఆ అచ్చంపేట పిల్లకు కాళ్ళ వాపు తగ్గిందంటనా?" అని అన్నం దగ్గర అడిగేవాడు. సరోజక్క నవ్వితే తనూ నవ్వేవాడు. కృప పుట్టిందని తెలిసిన రోజు నాతో బెల్లం పరమాన్నం చేయించుకుని తిన్నాడు. ఆ సంగతి నేను గ్రూపులో చెప్పలేదు. ఆ రోజు ఏం కూరో చెప్పాను, పరమాన్నం ఎవరు చేయించారో చెప్పలేదు.

కృపకు రెండో నెల నడుస్తుండగా నాయిన పోయాడు. మధ్యాహ్నం తిని, గోడకు ఆనుకుని, గుండెల్లో మంటగా ఉందన్నాడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. అన్నం తిన్న చేయి ఇంకా పూర్తిగా ఆరలేదు.

మగ్గం మీద చీర సగంలో ఉంది. వంకాయ రంగు నూలు చీర, పసుపు పట్టు అంచు. కొంగు ఇంకా మొదలే కాలేదు.

దినాలు అయ్యాక ఒక సంగతి తెలిసివచ్చింది. నా దగ్గర ఆయన గొంతు లేదు. ఫోటోలు ఉన్నాయి. శీను పెళ్ళి వీడియోలో తల వంచుకుని వడ్డిస్తూ కనిపిస్తాడు, మాట వినిపించదు. గ్రూపులో నావి వందలకొద్దీ వాయిస్ మెసేజీలు ఉన్నాయి కదా అని ఒక్కొక్కటీ విన్నాను. నా గొంతు, నా నవ్వు, నా బీరకాయ కూర. ఎక్కడా ఆయన మాట లేదు, ఆఖరుకు మగ్గం చప్పుడు కూడా లేదు. ప్రతిసారీ ఆపించింది నేనే.

మగ్గం తీసేసి, గుంట పూడ్చి, టైల్స్ వేసి, ముందుగదిలో నాకు కుట్టు షాపు పెడదామని శీను అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. అక్క బతుకు బాగుపడాలనే వాడి ఆరాటం. అయితే మగ్గం విప్పాలంటే ముందు దాని మీదున్న పోగులు కోయాలి. నూలు ఇచ్చిన సావుకారు కూడా మంచివాడే, "సగం చీరతోని ఏం జేస్తమమ్మా, కోసెయ్యండి" అన్నాడు. నేనూ సరేనన్నాను. రోజూ గుడ్డలు కోసే చేయి ఇది. ఆ పోగుల మీద కత్తెర పెట్టడానికి మాత్రం రాలేదు. ఈ వారం, వచ్చే వారం అంటూ నెలలు దాటేశాను. చివరికి శీను మేస్త్రీని మాట్లాడి, వచ్చే అమావాస్య వెళ్ళిన మూడో రోజని ఖాయం చేశాడు.

నాయిన పోయాడని ఒక్క ముక్క పెట్టి, ఆ తర్వాత నెలన్నర పాటు నేను గ్రూపులో నోరు విప్పలేదు. వాళ్ళు నన్ను ఏమీ అడగలేదు. సరోజక్క మాత్రం రోజూ "గద్వాల పిల్లా, ఇయ్యాల మా ఇంట్ల టమాట పప్పు" అని నాకోసం ఒక మెసేజీ పెట్టేది. జవాబు రాకపోయినా పెట్టేది. ఒక రోజు నేను "మా ఇంట్ల బీరకాయ" అన్నాను. ఆ రెండు మాటలకే అందరూ కలిసి పండగ చేశారు. మళ్ళీ గడప మీద కూర్చుని మాట్లాడటం అలవాటైంది. పక్కన మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉండేది.

ఇంకో మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం రూతమ్మ నాకు విడిగా వాయిస్ పంపింది. వెనక కృప గుక్కపట్టి ఏడుస్తోంది.

"అక్కా, ఏమనుకోకు. నువ్వు ఏం మాట్లాడకున్నా సరే, జర ఆ మగ్గం చప్పుడు రెండు నిమిషాలు పంపు. నీ మాటల ఎనక ఉంటది సూడు, గదే. మా పిల్ల దానికే పండుకుంటది. ఇయ్యాల నువ్వు వాయిస్ పెట్టలే, ఇది ఆగుతలేదు."

రెండుసార్లు విన్నాను. ఏ మగ్గం అని అడిగాను. మీ ఇంట్లదే అంది. మా ఇంట్లో మగ్గం నాయిన పోయిన రోజే ఆగిందని, దాని మీద దుప్పటి కప్పి ఉందని చెప్పాను. తర్వాత "గట్లనా అక్కా" అని మాత్రం వచ్చింది.

గ్రూపులో అడిగాను. ఆటపట్టిస్తున్నారేమో అన్న అనుమానంతో కొంచెం గట్టిగానే అడిగాను. ఒక్కరూ నవ్వలేదు. నలుగురు తమకూ వినిపిస్తోందన్నారు. మిగిలినవాళ్ళు అంత గమనించలేదన్నారు.

"మీ తమ్ముడు మగ్గం మీద కూసుంటుండేమో అనుకున్నం పిల్లా" అంది సరోజక్క. "అడిగితే నీకు నాయిన యాదికొస్తడని అడగలే."

మూడు నెలలుగా వింటూ, నన్ను నొప్పించకూడదని ఊరుకున్నారు. ఎన్నడూ మొహం చూడని ఆడవాళ్ళు. నాకు ఆ చప్పుడు సంగతి కన్నా ముందు ఈ మాటకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నా ఫోనులో ఆ మెసేజీలన్నీ మళ్ళీ పెట్టి విన్నాను. నా మాటలే తప్ప ఇంకేమీ లేదు.

శీనుకు చెబితే ఫ్యాను అన్నాడు. మా ఫ్యాను పాతది, టక్కు టక్కుమనడం నిజమే. ఫ్యాను ఆపి ఒక వాయిస్ పెట్టాను. "వచ్చిందక్కా" అంది రూతమ్మ. తలుపు, కిటికీ మూసి పెట్టాను. వచ్చిందంది. వెనకగదిలో నా మిషను దగ్గర కూర్చుని పెట్టాను. రాలేదంది. నేను ఎక్కడ కూర్చున్నానో ఆమెకు చెప్పకుండానే ఇవన్నీ చేశాను.

"అయితే ఎదురింటి మగ్గమే" అన్నాడు శీను. మా వీధిలో ఇంకా నాలుగు మగ్గాలు నడుస్తాయి. వాడి మాటలో తప్పు లేదు. అయితే ఇది తేల్చడానికి ఒక దారి ఉంది. అమావాస్య నాడు మా నేతవాళ్ళెవరూ మగ్గం ఎక్కరు. ఆ రోజు సెలవు. వీధి వీధంతా చప్పుడు లేకుండా ఉంటుంది. ఆ రోజు కూడా నా వాయిస్ వెనక మగ్గం వినిపిస్తే అది వీధిది కాదు. వినిపించకపోతే వీధిదే. ఇంతకన్నా సరైన కొలత నాకు తోచలేదు.

అమావాస్య రోజు మధ్యాహ్నం గడప మీద కూర్చుని, కాకరకాయ పులుసు గురించి రెండు నిమిషాలు చెప్పి పంపాను.

రాలేదక్కా, అంది రూతమ్మ. సరోజక్క కూడా రాలేదంది.

"సూసినవా, నేను చెప్పలేదా" అన్నాడు శీను. నేనూ అవునన్నాను. లెక్క తేలింది, సంతోషించాలి. వాడు వెళ్ళాక తలుపు వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. దయ్యాలంటే నవ్వేదాన్ని, అది నాయిన కాదని తేలితే ఇంత ఏడుపెందుకో నాకే అర్థం కాలేదు. నాకు తెలియకుండానే చాలా ఆశ పెట్టుకున్నాను.

సాయంత్రం ఎదురింటి నర్సింలు మామ వచ్చాడు. నాయినకు చిన్ననాటి దోస్తు, ఇప్పటికీ నేస్తాడు. నా మొహం చూసి ఏమైందని అడిగితే అంతా చెప్పాను. విని నవ్విపోతాడనుకున్నాను. తల గీరుకున్నాడు.

"అమాస నాడు మీ నాయిన ఎన్నడన్న మగ్గం ఎక్కిండా పిల్లా?" అన్నాడు.

పెళ్ళివారి చీర ఆలస్యమవుతోందని సావుకారు గుమ్మంలో కూర్చున్నా సరే, అమావాస్య నాడు నాయిన మగ్గం ముట్టలేదు. ఇంత మంచి కొలత అనుకున్నది దేనికీ పనికిరాకుండా పోయింది.

మర్నాడు కూతుర్ని చూడటానికి వనపర్తి వెళ్ళాల్సి ఉంది. హాస్టల్ నుంచి తిరిగి వస్తూ బస్టాండు దగ్గర సరోజక్క షాపు వెతుక్కుంటూ వెళ్ళాను. ఇద్దరం ఒకరినొకరం చూడటం అదే మొదలు. "గొంతు ఇని పొడుగు మనిషివనుకున్న" అంది నన్ను వాటేసుకుని. మిషను మీద ఉన్న జాకెట్టు పక్కన పడేసి టీ తెప్పించింది. టీ తాగేదాకా ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. తర్వాత తనే ఫోను తీసి, నా పాత మెసేజీ ఒకటి పెట్టి నా చెవి దగ్గర పట్టుకుంది.

బీరకాయ కూర గురించి నేను మాట్లాడుతున్నాను. నా మాటల వెనక మగ్గం నడుస్తోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గద్వాల చీరకు ఈ అంచుకు ఒక నాడె, నడుమ ఒంటికి ఒక నాడె, ఆ అంచుకు ఇంకో నాడె. మూడూ దాటాక పోగును బిగించడానికి చెక్కతో కొడతారు. అందరూ కొట్టేది అదే చెక్క అయినా ఎవరి చేయి వాళ్ళదే. మా వీధిలో నడుస్తూ పోతే ఏ ఇంట్లో ఎవరు కూర్చున్నారో చూడకుండా చెప్పొచ్చు. నర్సింలు మామది అన్నీ ఒకే గట్టి దెబ్బలు. నాయినకు కుడి భుజంలో పాత నొప్పి ఉండేది. రెండుసార్లు గట్టిగా కొట్టి, మూడోసారి భుజానికి విశ్రాంతి ఇస్తున్నట్టు మెత్తగా కొట్టేవాడు. పసిపిల్లను జోకొట్టినట్టు ఉంటుంది. నన్ను కూడా అమ్మ ఆ మగ్గం పక్కనే చీర ఉయ్యాలలో పడుకోబెట్టేదట.

సరోజక్క ఫోనులో వినిపించింది అదే. రెండు గట్టివి, ఒకటి మెత్తనిది.

ఆ మెసేజీని అప్పుడే నా ఫోనుకు పంపించుకున్నాను. రెండు ఫోన్లూ కటింగ్ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒకదాని తర్వాత ఒకటి విన్నాం. ఆమె ఫోనులో ఉంది. నా ఫోనులో లేదు. ఫోన్లు బాగుచేసే ఆయనకు తర్వాత చూపిస్తే, నా స్పీకరు పాతదైందని, సన్నని చప్పుళ్ళు తినేస్తోందని అన్నాడు. అయి ఉండొచ్చు. నాకెందుకు వినిపించలేదో దానితో తెలుస్తుంది. వాళ్ళకు వినిపించింది ఏమిటో తెలియదు.

గద్వాల బస్సులో కూర్చున్నాక నాకు ఒక్కటే ఆలోచన. ఆ చీర కోయకూడదు, పూర్తి చేయాలి. భయంతో కాదు. ఎవరో చేయి పట్టుకుని చెప్పినట్టూ కాదు. రెండేళ్ళు ఆయన పని నేను ఆపించాను, ఇంకోసారి ఆపించలేను.

శీనుతో గొడవ తప్పదనుకున్నాను. వాడు అంతా విని, "దెబ్బ ఎట్లుంది?" అని అడిగాడు. బల్ల మీద వేళ్ళతో కొట్టి చూపించాను. వాడు బయటికి వెళ్ళి మేస్త్రీకి ఫోను చేసి, పది రోజులు ఆగమన్నాడు.

నాకు నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం వచ్చు గానీ నేత రాదు. నాయిన ఎన్నోసార్లు "జర సేపు కూసో, నేర్పిస్త" అన్నాడు, నేను ఫోను పట్టుకుని తప్పించుకున్నాను. నర్సింలు మామ తన పని ఆపుకుని, పొద్దున్నే వచ్చి మా మగ్గంలో కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని అంచు నాడె అందించేదాన్ని. శీను వాళ్ళావిడ కండెలు చుట్టింది. చివరి రోజుల్లో మామ నన్ను కూడా గుంటలోకి దింపి జానెడు నేయించాడు. నా దెబ్బ విని "గిది నేతనా, తలుపు కొట్టుడా?" అని ఆటపట్టించాడు.

ఆ రోజుల్లో ఒక విచిత్రం జరిగింది. ఎలాగూ నిజం మగ్గం నడుస్తోంది కదా అని, మామ నేస్తుండగా రెండు నిమిషాలు పట్టి రూతమ్మకు పంపాను. చప్పుడు గట్టిగా, స్పష్టంగా ఉంది. కృప పడుకోలేదట. "గిది వేరే చప్పుడక్కా, పిల్ల కండ్లు పెద్దగ జేసి సూస్తుంది" అంది. మామ భోజనానికి ఇంటికి వెళ్ళాక, ఆగిన మగ్గం పక్కన కూర్చుని నేను మామూలుగా మాట్లాడి పంపితే, అది విని పడుకుందట. ఈ మాట మామతో చెబితే ఆయనకు పౌరుషం వచ్చింది. "నలభై ఏండ్ల నేత, పసిపిల్లకు పనికిరాలేదా" అని ఆ సాయంత్రమంతా గొణిగాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి చీర అయింది. మామ కత్తెర నా చేతికి ఇచ్చాడు. ఈసారి చేయి వచ్చింది. నేనే కోశాను. విప్పి పరిస్తే, చేత్తో తడిమి చూసినా చాలు, నాయిన ఎక్కడ ఆపాడో, మేం ఎక్కడ మొదలుపెట్టామో తెలుస్తుంది. ఆయన నేసింది దగ్గరగా, ఒద్దికగా ఉంది. మాది కొంచెం వదులు. మడత పెట్టి నాయిన ఫోటో ముందు ఒక పూట ఉంచి, సాయంత్రం సావుకారుకు పంపాం. ఆయన ఆ అతుకు దగ్గర వేలు పెట్టి చూసి, అట్లాగే తీసుకున్నాడని శీను చెప్పాడు.

చీర ఫోటో ముందు ఉండగానే, మామ భోజనానికి వెళ్ళిన వేళ, నేను గడప మీద కూర్చుని గ్రూపులో వాయిస్ పెట్టాను. మొదటిసారి నాయిన ముచ్చట్లు చెప్పాను. మిమ్మల్నందరినీ ఆయన ఎరుగునని, రూతమ్మ కాళ్ళ వాపు గురించి అడిగేవాడని, సరోజక్క నవ్వితే నవ్వేవాడని, కృప పుట్టిన రోజు పరమాన్నం చేయించుకున్నాడని. చెబుతూ మధ్యలో ఏడ్చాను, ఏడుస్తూనే చెప్పాను. నాలుగు నిమిషాలు అయింది. అయిపోయాక వేలు తీసేశాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. తలుపు దగ్గరికి వేసి ఉంది.

ఒక్కొక్కరే జవాబు పెట్టారు. చాలామంది ఏడ్చారు. రూతమ్మది అందరికన్నా ఆలస్యంగా, నాకు విడిగా వచ్చింది.

"అక్కా, ఇయ్యాల మగ్గం చప్పుడు లేదు" అంది. "కాని ఆఖర్ల ఎవరో పెద్దాయన మాట్లాడిండు. 'అయ్యిందా బిడ్డా?' అన్నట్టు ఇనబడ్డది. మీ మామనా?"

నేను ఆ మాట గ్రూపులో ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పిన నాలుగు నిమిషాల్లో కూడా లేదు. ఏడుపులో నోరు జారి చెప్పానేమోనని మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు విన్నాను. లేదు. ఆయన అలా అడిగేవాడని మా ఆయనకు కూడా తెలియదు, ఎందుకంటే అది వాయిస్‌కూ వాయిస్‌కూ మధ్య నాకూ నాయినకూ ఉన్న మాట. సరోజక్కను అడిగితే, చివర్లో ఏదో గాలి పీల్చినట్టు ఉందని, మాటా కాదా చెప్పలేనని అంది. ఆమె ఉన్నది లేనట్టు చెప్పే మనిషి కాదు, లేనిది ఉన్నట్టూ చెప్పదు. నా ఫోనులో, కొత్త స్పీకరు వేయించాక కూడా, చివర్లో నేను ముక్కు చీదిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత ఎవరికీ మగ్గం చప్పుడు వినిపించలేదు. పాత మెసేజీల్లో ఉన్నది అట్లాగే ఉందట. రూతమ్మ వాటిని చెరపకుండా దాచుకుంది. కృప వాటికే నిద్రపోతోంది.

మగ్గం విప్పాం. గుంట పూడ్చాం. టైల్స్ వేశాం. ఇప్పుడు ముందుగదిలో నా షాపు నడుస్తోంది, సరిగ్గా ఆ గుంట ఉన్న చోట నా మిషను ఉంది. నాకు అక్కడ భయం లేదు, వింతగా ఏమీ అనిపించదు. దయ్యాలు ఉన్నాయా అంటే ఇప్పటికీ లేవనే చెబుతాను. మరి అదంతా ఏమిటంటే, నాకు తెలియదు. ఎన్ని కొలతలు వేసినా ఎక్కడో వేలెడు తక్కువ వస్తోంది.

మధ్యాహ్నం రెండింటికి మా సంత మామూలే. ఏం కూరో చెబుతాను, అందరి ముచ్చట్లూ వింటాను. ఒక్కటే కొత్త అలవాటు పడింది. మాట్లాడటం అయ్యాక, వేలు తీసే ముందు, "అయ్యింది నాయినా" అంటాను. పది మంది ఫోన్లలోకీ రోజూ ఆ మాట వెళుతుంది. అదేంటని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.